ముప్పై ఒకటో నంబరుకు ఎన్ని మార్కులు

హాస్టల్, మూడో అంతస్తు
ఫిబ్రవరి 6

పిన్నీ,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటే అని తిట్టకు. ఫోన్‌లో నీకు సగం వినపడదు, మిగతా సగం నువ్వే కల్పించుకుని అమ్మకు చేరవేస్తావు. మొన్న ఎలుక కరిచిందని నీకు చెబితే, నన్ను ఆస్పత్రిలో చేర్చారని అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది. అందుకని ఇక కాగితమే.

కరిచిన మాట నిజం. తప్పు నాదే. ఇక్కడ రెండు వారాలు పాఠాలు, ఆ తర్వాత పరీక్ష. పాసై సర్టిఫికెట్టు చేతికొచ్చేదాకా పాఠంలో తప్ప ఏ జంతువునీ ముట్టుకోనివ్వరు. పాఠాలు చెప్పేది పశువైద్యుడు. నెమ్మదస్తుడు, అందరినీ "అమ్మాయ్, అబ్బాయ్" అంటారు. జంతువు లేకుండా ఈ పని అవుతుందా అని ముందు మనల్ని మనం అడగాలట. కాకపోతే ఎన్ని తక్కువతో సరిపెట్టగలమో చూడాలి. ఉన్నవాటికి ఎంత తక్కువ బాధతో చెయ్యగలమో చూడాలి. ఇవన్నీ నాకు నోటికొచ్చు. కానీ చేత్తో ఎలుకను పట్టుకోమనేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. భయపడి గట్టిగా పిసికాను, అది కసుక్కున కొరికింది. డాక్టరుగారు ముందు ఎలుకకు దెబ్బ తగిలిందేమో తిప్పి తిప్పి చూసి, ఆ తర్వాత నా వేలు చూశారు.

మా మేడమ్ చేసే పరిశోధన నరాల నొప్పికి ఒక కొత్త మందు గురించి. మత్తిచ్చి ఎలుక కాలి నరానికి చిన్న ఆపరేషన్ చేస్తారు, తర్వాత మందిస్తారు. మొత్తం నలభై ఎనిమిది ఎలుకలు. ఇరవై నాలుగు ఒక గదిలో మా సీనియర్ చూస్తాడు, ఇరవై నాలుగు ఇంకో గదిలో నేను చూడాలి. రోజూ పొద్దున ఒక్కో ఎలుకకు మార్కులు వెయ్యాలి. బొచ్చు ఎలా ఉంది, వీపు వంగిందా, కళ్ళు మూతపడుతున్నాయా, తింటోందా, మనిషిని చూసి కదులుతోందా. ఇక్కడ మార్కులు ఎక్కువొస్తే ఫెయిలు. ఆరు దాటితే ప్రయోగం ఏ దశలో ఉన్నా సరే, ఆ ఎలుకను ఇక బాధ పెట్టకూడదు, సూదిమందిచ్చి శాశ్వతంగా నిద్రపుచ్చెయ్యాలి. ఆ గీత దాటింది, దాటలేదు అని చెప్పాల్సింది నేనే.

నువ్వు ఇరవై ఆరేళ్ళు ఇలాంటి చోటే పనిచేశావు కదా. నువ్వు గదిలో అడుగుపెడితే ఎలుకలన్నీ ముందుకొచ్చి నిలబడేవని అమ్మ కథలుగా చెబుతుంది. ఎలా చేశావు? నాకు నేర్పు.

నీ
చుంచు

ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 13

చుంచూ,

చిన్నప్పుడు బిస్కెట్లు అంచుల చుట్టూ కొరుక్కు తింటున్నావనే మీ మావయ్య నీకు ఆ పేరు పెట్టాడు. ఆ పేరు పెట్టుకుని ఎలుకకు భయపడ్డావా? సిగ్గుచేటు.

విను. మొదటి సంగతి, ఎలుకకు నీ డిగ్రీ అక్కర్లేదు, నీ వాసన కావాలి. రోజూ ఒకటే కోటు, ఒకటే సబ్బు. రెండో సంగతి, పని ఉన్నప్పుడే వెళ్ళకు. పనిలేని మనిషిలా వెళ్ళి కూర్చో. పంజరంలో చెయ్యి పెట్టి ఊరికే ఉంచు, పట్టుకోకు. రోజుకు పది నిమిషాలు. అదే వచ్చి వాసన చూస్తుంది, ఎక్కుతుంది, చివరికి అరచేతిలో కూర్చుంటుంది. ఎత్తేటప్పుడు కింద రెండో చెయ్యి ఆనించు. కాళ్ళు గాల్లో వేలాడితే ఎవరికి మాత్రం భయం వెయ్యదు?

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. దొంగలా వెళ్ళకూడదు. తలుపు దగ్గరే తాళాలు గలగలలాడించు, "వచ్చానర్రా" అని కేకెయ్యి. అప్పుడు లోపలికి వెళ్ళు. నా దగ్గరకు రాని ఎలుక లేదు తెలుసా? కొత్తగా చేరిన వాళ్ళందరికీ చెయ్యి పెట్టడం నేనే నేర్పేదాన్ని. నలభై మంది దాకా ఉంటారు. పెద్ద పెద్ద చదువుల వాళ్ళు నా వెనక నిలబడి చూసేవాళ్ళు.

భయపడకు. మన చెయ్యి మంచిదైతే అన్నీ మంచే.

పిన్ని

హాస్టల్
ఏప్రిల్ 2

పిన్నీ,

ఇన్నాళ్ళూ రాయలేదు కానీ, ఫిబ్రవరి చివర్లోనే పాసయ్యాను! రాతపరీక్షలో ఒక్క మార్కు పోయింది, చేతిపనిలో అన్నీ వచ్చాయి. ఆ పిసికిన పిల్లేనా ఈ పిల్ల అని డాక్టరుగారు ఆశ్చర్యపోయారు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఇప్పుడు నేను "వచ్చానర్రా" అంటే ఇరవై నాలుగూ పంజరం ముందుకొచ్చి ముక్కులు ఆడిస్తాయి. ముప్పై ఒకటో నంబరైతే మరీ గారాలు. కుడి చెవికి చిన్న నొక్కు ఉంటుంది దానికి. నా అరచేతిలో కూర్చుని మొహం కడుక్కుంటుంది. మా సీనియర్‌కు ఒళ్ళు మండిపోతోంది. అతను చేతులకు మందపాటి తొడుగులేసుకుని, బయటి నుంచే చూసి మార్కులేసి పోతాడు. "ఎలుకలతో చుట్టరికమేంటి, పెళ్ళికి పిలుస్తావా?" అంటాడు.

ఆపరేషన్లు అయిపోయి మూడు వారాలు. అతని గదిలో ఏడు ఎలుకలకు మార్కులు ఆరు దాటి నిద్రపుచ్చాల్సి వచ్చింది. నా గదిలో ఒక్కటి కూడా లేదు! అన్నిటికీ రెండో మూడో, అంతే. ఒక సీసాలో అసలు మందు, ఇంకోదాంట్లో ఉత్త ఉప్పునీళ్ళు; ఏ సీసాలో ఏముందో మాకు చెప్పరు. కానీ నా కాగితాలు చూసి మేడమ్ మొహం వెలిగిపోయింది. అసలు మందు నా గదికే వెళ్ళిందట, నోరు జారి చెప్పేశారు. పదేళ్ళ పనికి ఫలితం కనబడుతోందన్నారు. "నీ చేతి చలవే" అన్నారు పిన్నీ, అందరి ముందూ. ఆ చెయ్యి నాది కాదు మా పిన్నిది అని చెబుదామనుకున్నాను, సిగ్గేసి ఊరుకున్నాను.

చుంచు

హాస్టల్
ఏప్రిల్ 19

పిన్నీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. బుర్ర పనిచెయ్యడం లేదు.

మూడు రోజుల క్రితం సంగతి. మార్కులు వేసి బయటికొచ్చాక పెన్ను లోపలే మరిచిపోయానని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్ళాను. మా తలుపుకు చిన్న గాజు పలక ఉంది. చేతిలో కాగితాలుండి, తలుపు తియ్యబోతూ ఒక్క క్షణం లోపలికి చూశాను.

ముప్పై ఒకటి మూల నక్కి ఉంది. వీపు విల్లులా వంగిపోయింది. కళ్ళు సగం మూసుకుంది. ఆపరేషన్ అయిన కాలు నేలకు ఆనించడం లేదు. రెండు నిమిషాల క్రితం దానికే నేను రెండు మార్కులేసి వచ్చాను. కంగారుగా తలుపు తీశాను. గడియ చప్పుడు వినబడగానే అది వీపు నిటారు చేసుకుని, కాలు కింద పెట్టి నడుచుకుంటూ ముందుకొచ్చింది. నా వేలు వాసన చూసింది.

నా కళ్ళే మోసం చేశాయనుకున్నాను. మర్నాడు, ఇవాళ కావాలనే చప్పుడు చెయ్యకుండా గాజులోంచి పావుగంట చొప్పున చూశాను. ముప్పై ఒకటికి బయటి నుంచి చూస్తే ఏడు, లోపలి నుంచి చూస్తే రెండు. అలాంటివి పదకొండున్నాయి. కాగితంలో ఒక్కో ఎలుకకు ఒక్క గడే ఉంది. అందులో ఏది రాయాలి?

నన్ను చూసిన సంతోషంలో నొప్పి తగ్గుతోందా? లేక నేనొచ్చానని దాచుకుంటోందా? నీకు తెలిసే ఉంటుంది. నీ ఎలుకలు కూడా ఇలాగే చేసేవా? ఇవాళ్టికి లోపలి మార్కే వేశాను.

త్వరగా రాయి.

చుంచు

ఇల్లు
ఏప్రిల్ 24

చుంచూ,

ఉత్తరం అందింది. ఇక్కడ అంతా కులాసా. వంటింటి కుళాయి కారుతోంది, మనిషి రేపొస్తా మాపొస్తా అంటున్నాడు. కళ్ళ డాక్టరు కొత్త అద్దాలు రాశాడు.

నీకు పని ఎక్కువై తల తిరుగుతున్నట్టుంది. వేళకు తిని పడుకో. నొప్పిగా ఉన్న మనిషి మాత్రం తనవాళ్ళు వస్తే లేచి కూర్చోడా? అదీ అంతే. ప్రేమగా చూసుకుంటే సగం జబ్బు పోతుంది. అయినా తలుపు చాటు నుంచి తొంగి చూడడమేమిటి? దొంగచూపు చూస్తే ఎవరైనా వంగే కనబడతారు. ఇందులో కొంప మునిగిందేమీ లేదు. అనవసరంగా ఎవరికైనా చెప్పి నీ పేరు పాడుచేసుకోకు.

అమ్మకు నీరసంగా ఉందట. ఒకసారి ఫోన్ చెయ్యి.

పిన్ని

హాస్టల్
ఏప్రిల్ 28

పిన్నీ,

నేనడిగింది ఒకటి, నువ్వు చెప్పింది ఇంకొకటి. నీ ఎలుకలు కూడా ఇలా చేసేవా అని అడిగాను. కుళాయి గురించి అడగలేదు. నీ మీద మొదటిసారి కోపమొచ్చింది, దాచడమెందుకు.

డాక్టరుగారిని ఊరికే సందేహం అడిగినట్టు అడిగాను. "తొమ్మిదో పేజీ చదవలేదా అమ్మాయ్?" అన్నారు. వేటాడే జంతువులకు ఆహారమయ్యేవి బలహీనత బయటపడనివ్వవు, పెద్ద ప్రాణి దగ్గర్లో ఉంటే కుంటేది కూడా సరిగ్గా నిలబడుతుంది, అందుకే ముందు దూరం నుంచి చూసి ఆ తర్వాతే దగ్గరకెళ్ళాలి అని ఉంది అందులో. పిన్నీ, ఆ ప్రశ్న పరీక్షలో వచ్చింది. నేను సరైన జవాబు రాశాను. మార్కు కూడా వచ్చింది. రాసిన చేత్తోనే మర్నాడు తాళాలు గలగలలాడించి "వచ్చానర్రా" అన్నాను. తొడుగులేసుకుని బయటి నుంచి చూస్తాడని నేను నవ్విన సీనియరే సరిగ్గా చేస్తున్నాడు.

అంటే మందు పనిచేసిందో లేదో ఎవరికీ తెలియదు. పనిచేసినట్టు కనబడింది నా అరుపు వల్ల. ప్రతి గదిలోనూ సగం ఎలుకలకు ఒక సీసా, సగానికి ఇంకోటి ఇవ్వాల్సింది, సర్దడం సులువని గదికొకటి పెట్టారట. అది మేడమ్ తొందర. అందుకే తేడా అంతా మందు ఖాతాలో పడింది.

చెబితే ఏమవుతుందో కూర్చుని ఆలోచించాను. ఆ పదకొండూ గీత దాటేశాయి, వెంటనే నిద్రపుచ్చాలి. ప్రయోగం మొత్తం పారేసి మళ్ళీ మొదటి నుంచి చెయ్యాలి. అంటే మళ్ళీ నలభై ఎనిమిది కొత్త ఎలుకలు, మళ్ళీ నలభై ఎనిమిది ఆపరేషన్లు. ఎన్ని తక్కువైతే అంత మంచిదని మొదటి పాఠం. నేను నిజం చెబితే ఇంకో నలభై ఎనిమిది కాళ్ళు కోస్తారు. చెప్పకపోతే పనిచేస్తుందో లేదో తెలియని మందు రేపు మనుషుల నోట్లో పడుతుంది. ముప్పై ఒకటి రోజూ నాకోసం కాలు కింద పెడుతుంది. కుడితిలో పడ్డ ఎలుక పని అంటే ఏమిటో ఎలుకల మధ్య కూర్చుని తెలుసుకున్నాను.

ఇవాళ మీటింగులో మేడమ్ నా కాగితాలు తెర మీద వేసి చూపించారు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నీకు తెలిసింది చెప్పు పిన్నీ. మంచిదైనా చెడ్డదైనా.

చుంచు

ఇల్లు
మే 2

చుంచూ,

రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది మూడోది.

చేసేవి. నా ఎలుకలు కూడా అలాగే చేసేవి.

పనిలో చేరిన పదిహేనో ఏడో పదహారోదో, ఒకరోజు తాళాలు ఇంట్లో మరిచిపోయాను. తలుపు తాళం ఇంకెవరో తీసి ఉంచారు. రెండు చేతుల్లో కడిగిన పళ్ళేలు. నడుంతో తలుపు నెట్టుకుని చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళాను. ఒక వరసలో ఉన్నవన్నీ తలలు మూలకు పెట్టుకుని ముడుచుకుని ఉన్నాయి. నా గది అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నేనేం చేశానో తెలుసా? వెనక్కి నడిచి బయటికొచ్చాను. తలుపు మూశాను. "వచ్చానర్రా" అని కేకేసి మళ్ళీ లోపలికి వెళ్ళాను. అన్నీ ముందుకొచ్చి నిలబడ్డాయి. పుస్తకంలో "అన్నీ బాగున్నాయి" అని రాశాను.

ఆ తర్వాత ఇంకో పదేళ్ళు పనిచేశాను. ఒక్కరోజు కూడా చప్పుడు చెయ్యకుండా వెళ్ళలేదు. ఒక కుర్ర డాక్టరు వచ్చి, మెత్తటి చెప్పులేసుకుని నెమ్మదిగా వెళ్ళమ్మా అంటే, నాకు నేర్పేటంతవాడివయ్యావా అని ఏడాదిపాటు అతనితో మాట్లాడలేదు. దొంగలా వెళ్ళకూడదు అని నీకు రాశాను చూడు, అది ఎలుకల కోసం చెప్పిన మాట కాదు. నా కోసం నేను చెప్పుకున్న మాట. అదే నలభై మందికి నేర్పాను. ఇప్పుడు నీకు.

అయినా అవి నన్ను చూసి భయపడి నిలబడ్డాయంటే నా మనసు ఒప్పుకోవడం లేదే. చేతిలో నిద్రపోయేవి. భయమున్న చేతిలో నిద్రపోతాయా? రెండూ నిజమేనేమో. తెలియదు. నాకు నిజంగా తెలియదు.

ఏం చెయ్యమని చెప్పను? ఒకసారి చెప్పెయ్ అనిపిస్తుంది. ఇంకోసారి ఆ నలభై ఎనిమిదీ కళ్ళ ముందు తిరుగుతాయి, నోరు మూసుకోవే అనిపిస్తుంది. పెద్దదాన్ని, దారి చూపించాల్సినదాన్ని. నా దగ్గర దారి లేదు. నాలా మాత్రం తలుపు మూసి మళ్ళీ రాకు. ఇదొక్కటే చెప్పగలను.

పిన్ని

హాస్టల్
మే 7

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగో తారీఖు అందింది. దానికి ముందురోజే చెప్పేశాను.

ధైర్యం వచ్చి చెప్పలేదు. పంజరాలు కడిగే గదిలో డాక్టరుగారు ఎదురుపడి "ఏమ్మా, చిక్కిపోయావు" అన్నారు. అంతే, ఏడుపొచ్చేసింది. అంతా చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "మొదట ఎప్పుడు చూశావు?" అని అడిగారు. ఏప్రిల్ పదహారు అన్నాను. ఆయన గోడ మీద కేలెండర్ చూసి, చిన్న పుస్తకంలో "పదిహేడు రోజులు" అని రాసుకున్నారు. ఒక్క చెంపదెబ్బ కొట్టినా బాగుండేది.

పదిహేడు రోజులు పిన్నీ. మనం ఉత్తరాలు రాసుకుంటున్నాం. నువ్వు కుళాయి గురించి రాశావు, నేను కోపం తెచ్చుకున్నాను. మందు, నిజం, నలభై ఎనిమిది అంటూ నేను పెద్ద పెద్ద లెక్కలు వేసుకుంటున్నాను. ఆ పదిహేడు రోజులూ ముప్పై ఒకటి మూడు కాళ్ళ మీద ఉంది. ఆ సాయంత్రమే డాక్టరుగారికి చెప్పి దానికి నొప్పి తగ్గే సూది ఇప్పించి ఉండొచ్చు. ఆ మాట నాకు తట్టనే లేదు. కొండను తవ్వుతూ ఎలుకను మరిచిపోయాను.

మేడమ్ అరవలేదు. "గదికొక సీసా పెట్టింది నేనే" అన్నారు. తర్వాత "మళ్ళీ నలభై ఎనిమిది" అన్నారు. ఆ తర్వాత నాతో మాట్లాడడం లేదు. జంతువుల మీద ప్రయోగాలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ప్రయోగం ఆపించింది. మళ్ళీ చెయ్యనివ్వాలో వద్దో ఆలోచిస్తారట. నన్ను ఆరు నెలలు జంతువులను ముట్టుకోవద్దన్నారు, పాఠాలన్నీ మళ్ళీ వినాలి. కాగితం మార్చారు. ఇకనుంచి ఒక్కో ఎలుకకు రెండు గడులు, ఒకటి తలుపు బయట, ఒకటి లోపల.

నిషేధం మొదలయ్యే ముందు ఒక్క పని చెయ్యమన్నారు. ఆ పదకొండింటికీ నిద్రపుచ్చే సూది వేసేటప్పుడు నన్నే పట్టుకోమన్నారు. తెలిసిన చెయ్యి అయితే బెదరవని. వాటి కోసమే అన్నారు, నాకు శిక్షగా కాదు. నేను తాళాలు చప్పుడు చెయ్యలేదు. పిలవలేదు. చెయ్యి పెట్టి ఊరికే ఉంచాను. అన్నీ ఒకటొకటిగా వచ్చాయి. పారిపోతే బాగుండునని మనసులో దండం పెట్టుకున్నాను. ఒక్కటీ పారిపోలేదు.

మిగిలిన పదమూడింటికీ నొప్పి మందిస్తున్నారు. చూడడానికి కూడా నన్ను వెళ్ళనివ్వరు. సీనియర్ రోజూ వచ్చి వాటి సంగతి చెబుతున్నాడు. ఎగతాళి చెయ్యడం మానేశాడు.

నేను చేసింది మంచో చెడో ఇప్పటికీ తేలలేదు. నువ్వేమనుకుంటున్నావు?

చుంచు

ఇల్లు
మే 12

చుంచూ,

మంచో చెడో నేను చెప్పలేను. నేను చెయ్యలేని పని చేశావు, అంతవరకే తెలుసు. నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. నీ గురించో, నా పదేళ్ళ గురించో విడదియ్యడం నా వల్ల కాలేదు.

మీ డాక్టరుగారు నాకు ఉత్తరం రాశారు. నా సంగతి నువ్వే చెప్పావట. కొత్త బ్యాచ్ చేరుతోంది, వచ్చి వాళ్ళతో మాట్లాడతారా అని అడిగారు. ఎలుకను ఎలా పట్టుకోవాలో చెప్పడానికి కాదట. తలుపు మూసి మళ్ళీ వచ్చిన రోజు గురించి చెప్పమన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. రానని రాశాను. పోస్టు చెయ్యలేదు. ఇంకా బల్ల మీదే ఉంది.

ఒక్క మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. చివర్లో ముప్పై ఒకటి నీ చేతిలోకి వచ్చినప్పుడు దాని వీపు నిటారుగా ఉందా, వంగి ఉందా?

పిన్ని

హాస్టల్
మే 16

పిన్నీ,

వంగే ఉంది.

నేను చెయ్యి పెట్టాక చాలాసేపు కదల్లేదు. తర్వాత మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ వచ్చింది. కాలు కింద పెట్టలేదు, కళ్ళు సగం మూసే ఉన్నాయి. నా అరచేతిలో అలాగే ముడుచుకుని పడుకుంది. నా ముందు అది దాచుకోకపోవడం అదే మొదటిసారి. నమ్మకం కుదిరి దాచుకోలేదో, దాచుకునే ఓపికే అయిపోయిందో నాకు తెలియదు.

సూది వెయ్యకముందు ఆ రోజు మార్కులు వెయ్యాలన్నారు. కొత్త కాగితం. రెండు గడుల్లోనూ ఏడు రాశాను.

చుంచు